హన్మకొండ పబ్లిక్ గార్డెన్ దగ్గరి పావ్ భాజీ బండి

బోర్డు మీద 'పావు భాజీ' అని ఉంటుంది, పావు ప్లేటే ఇస్తాడేమో అని భయపడకండి, ఫుల్లే ఇస్తాడు. మనం నాలుగో వంతుకు వాడే పావు సంస్కృతం 'పాదం' నుంచి వచ్చింది, ఈ రొట్టె పేరు మాత్రం పోర్చుగీసు వాళ్లది, దాని మూలం లాటిన్‌లో 'పానిస్', జపాన్ వాళ్లు బ్రెడ్‌ను 'పాన్' అనేది కూడా ఆ పోర్చుగీసు మాట నుంచే. పాత కన్నడలో పావు అంటే పాము! ఇప్పుడు హావు అంటున్నారు. హవాయి భాషలోనైతే 'పావు' అంటే అయిపోయిందని, రాత్రి తొమ్మిది దాటాక ఈ బండి దగ్గరికి పోతే మీకు ఆ అర్థమే దొరుకుతుంది.

ఇక రుచి. పావ్ మెత్తగా, రెండు వైపులా వెన్నలో ఎర్రగా కాల్చి ఇస్తాడు, అందులో వంక పెట్టేదేం లేదు. భాజీలోనే ఆలుగడ్డ దంచి కొట్టాడు, బఠాణీ కోసం వెతుక్కోవాలి, పైగా కారం మన వరంగల్ లెక్కలో వేస్తాడు కాబట్టి పిల్లలుంటే ముందే చెప్పండి. ఉల్లిగడ్డ, నిమ్మకాయ అడిగినన్ని సార్లు ఇస్తాడు. ఎక్స్‌ట్రా పావ్‌కు డబ్బులు వేరే. కూర్చోడానికి జాగా లేదు, ఆదివారం సాయంత్రం అస్సలు పోకండి.