రేణిగుంట నుంచి ఏటీఆర్‌లో హైదరాబాద్: టైం మిగులుతుంది, పాయింట్లు మాత్రం నమ్ముకోవద్దు

తిరుపతి నుంచి హైదరాబాద్‌కి చిన్న విమానం ఎక్కాలా, రైలెక్కాలా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తాం. టైం కోసమైతే విమానమే. తర్వాతి టికెట్లకి వాడుకోవడానికి విమాన కంపెనీలు ఇచ్చే పాయింట్లు కూడబెట్టుకోవడానికైతే దీని మీద ఆశ పెట్టుకోకండి.

గాల్లో ఉండేది గంటా పావు లోపే. తిరుపతి ఊర్నించి రేణిగుంటలోని ఎయిర్‌పోర్టు 15 కిలోమీటర్లు. బయల్దేరే టైంకి గంట ముందే కౌంటర్ మూసేస్తారు. అటుపక్క శంషాబాద్ నుంచి ఊళ్లోకి వెళ్లడం ఒకటి. అన్నీ కలిపి నాలుగున్నర గంటలు వేసుకోండి. వందే భారత్‌కి సికింద్రాబాద్ దాకా ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. బెంగళూరు వెళ్లేవాళ్లకి మాత్రం ఈ లెక్క కుదరదు, రోడ్డే మేలు.

విమానం ఏటీఆర్ 72-600, అంటే రెండు ప్రొపెల్లర్ల చిన్న విమానం. ఇండిగో దీంట్లో 78 సీట్లు వేస్తుంది, అలయన్స్ ఎయిర్ 70. అదే పొడవులో ఎనిమిది సీట్లు తక్కువ కాబట్టి మోకాళ్లకి చోటు అలయన్స్‌లోనే కాస్త నయం. సర్వీసుల సంఖ్యలో, రద్దయితే వేరే విమానం దొరకడంలో ఇండిగోదే పైచేయి. టికెట్ తీసుకునేముందు ఆ రోజున ఎన్ని సర్వీసులున్నాయో చూడండి. ఒక్కటే ఉండి అది రద్దయితే మర్నాటి దాకా ఆగాల్సిందే.

ఎక్కేది వెనక తలుపు నుంచి. బయట నిలబడి చూస్తే తోక కింద ఊతంగా పెట్టిన కడ్డీ కనబడుతుంది. జనం, సామాను వెనకవైపు చేరినప్పుడు తోక కిందికి వాలకుండా అది ఆపుతుంది. బరువు లెక్క ఇంత సున్నితం కాబట్టే సీట్లు సగం ఖాళీగా ఉన్న రోజు సిబ్బంది కొందర్ని లేపి వేరే వరసల్లో కూర్చోబెడతారు. దానికి కోపం తెచ్చుకోనక్కర్లేదు. ప్రొపెల్లర్లు ముందు వరసల పక్కనే తిరుగుతాయి, మోత అక్కడే ఎక్కువ. చంటిబిడ్డలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు వెనక వరసలు అడగండి. రెక్క పైన ఉంటుంది గనక కిటికీకి అడ్డం రాదు, కింద ఊళ్లు బాగా కనబడతాయి. నేల మీద ఉన్నంతసేపూ ఏసీ చల్లదనం అంతంతమాత్రం. మే నెల మధ్యాహ్నం సర్వీసుకి ఇది గట్టిగా తెలుస్తుంది, గాల్లోకి లేచాక సర్దుకుంటుంది.

ఇక సామాను. ఇండిగోలో చెకిన్ 15 కిలోలు, చేతిలో 7. మామూలు లడ్డు ఒకటి 175 గ్రాముల దాకా తూగుతుంది. ఇరవై లడ్లంటే మూడున్నర కిలోలు, చేతి సామానులో సగం అక్కడే అయిపోతుంది. తలపైన అరలు చిన్నవి. చక్రాల పెట్టె పట్టకపోతే విమానం మెట్ల దగ్గరే ట్యాగ్ వేసి సామాను గదిలో పెట్టిస్తారు, అందుకే మందులు, కాగితాలు, పవర్ బ్యాంకు వేరే చిన్న సంచిలో ఉంచుకోండి. కొండ మీద నుంచి నేరుగా వచ్చేవాళ్ల సంచుల్లో ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి కర్పూరం, అగ్గిపెట్టె, ఎండు కొబ్బరి. మొదటి రెండూ ఎక్కడ పెట్టినా తీసేస్తారు. ఎండు కొబ్బరి చెకిన్‌లో కుదరదు. స్క్రీనింగ్ దగ్గర సంచి విప్పించుకునే బదులు రూములోనే తీసేయడం మంచిది.

పాయింట్ల సంగతి. ఇండిగో పాయింట్ల పథకం బ్లూచిప్ 2024లో మొదలైంది, చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. సభ్యత్వంలో ఉన్న పేరే టికెట్ మీదా ఉండాలి, ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే పాయింట్లు ఇరుక్కుంటాయి. పన్నుల మీద పాయింట్లు రావు. ఈ దూరానికి టికెట్టే చిన్నది, అందులో పన్నులు పోను మిగిలేదాని మీద ఎన్ని పాయింట్లని వస్తాయి! అలయన్స్ ఎయిర్ 2022 ఏప్రిల్‌లో ఎయిర్ ఇండియా నుంచి విడిపోయింది. పాత అలవాటుతో ఎయిర్ ఇండియా పాయింట్ల సభ్యత్వ నంబరు ఇస్తే ఏమీ జమ కాదు. ట్రూజెట్ అనే చిన్న విమాన కంపెనీ గుర్తుందా? 2015 జులైలో దాని మొదటి విమానం హైదరాబాద్ నుంచి మన తిరుపతికే వచ్చింది, 2022కల్లా సర్వీసులు ఆగిపోయాయి. చిన్న కంపెనీలో పాయింట్లు దాచుకోవడం మంచిది కాదని మేం చెప్పేది ఇందుకే. వచ్చినవి వచ్చినట్టు వాడేయండి.

పాయింట్ల కన్నా ఎక్కువ కాపాడేది ఒకే పీఎన్‌ఆర్, అంటే ప్రయాణం మొత్తానికి ఒకే బుకింగ్ నంబరు. హైదరాబాద్ మీదుగా ఢిల్లీకి వెళ్లేటప్పుడు రెండు వేర్వేరు కంపెనీల టికెట్లు కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఎవరికీ బాధ్యత ఉండదు. ఒకే టికెట్ అయితే సామాను రేణిగుంటలోనే చివరిదాకా ట్యాగ్ అవుతుంది, తప్పిపోతే వేరే విమానం వాళ్లే చూపించాలి.

విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నియమాలు కూడా తెలిసుండాలి. ఈ దూరానికి రెండు గంటలకు మించి ఆలస్యమైతే టిఫినో భోజనమో అడగండి. 24 గంటల ముందైనా చెప్పకుండా రద్దు చేస్తే, కారణం వాతావరణం లాంటిది కానప్పుడు, 7,500 రూపాయలు లేదా టికెట్‌లోని బేసిక్ చార్జీ, ఇంధనం చార్జీ కలిపినంత, ఏది తక్కువైతే అది పరిహారం. అయితే టికెట్‌లో మీ ఫోన్ నంబరు లేకపోతే ఈ పరిహారం రాదు. ఏజెంటు దగ్గర కొన్నప్పుడు చాలాసార్లు ఆయన నంబరే పడుతుంది, రద్దయిన మెసేజ్ కూడా ఆయనకే పోతుంది. డబ్బు కట్టేముందే మీ నంబరు వేయించండి.