ఆర్గన్ పుస్తకాలు కొనేవాళ్ళు ఆ "అరుదైన పుస్తకాల" ఆయనతో జాగ్రత్త

మన న్యూజెర్సీ గ్రూపుల్లో పాత పుస్తకాలు అమ్మే ఆయన తెలుసు కదా, ప్రతి పోస్టు కింద "జెన్యూన్ బయ్యర్స్ ఓన్లీ" అని పెడుతుంటాడు. పేరు రాస్తే అడ్మిన్ పోస్టు తీసేస్తారు కాబట్టి రాయట్లేదు, తెలిసినవాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది. బొమ్మలున్న పాత పుస్తకం ఏదీ ఆయన దగ్గర కొనకండి. నిన్ననే పార్సిల్ విప్పాను, ఒళ్ళు ఇంకా మండుతోంది.

ఫిలడెల్ఫియా వానమేకర్ బిల్డింగులో ఆర్గన్, అదే పైపుల్లోకి గాలి పంపి కీబోర్డుతో వాయించే ఆ పెద్ద వాయిద్యం, విన్నప్పటి నుంచీ నాకు ఈ పిచ్చి పట్టుకుంది. 28 వేలకు పైగా పైపులు, ఆరు కీబోర్డులు, విన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1904 సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్ కోసం దాని తొలి రూపాన్ని డిజైన్ చేసిన ఆడ్‌స్లే, ఆర్గన్ నిర్మాణం మీద 1905లో రెండు వాల్యూములు రాశాడు. వాటికి డోవర్ అనే ప్రచురణ సంస్థ 1965లో వేసిన రీప్రింటు ఈయన దగ్గరే కొన్నాను. శుభ్రంగా ఉంది, రేటూ తక్కువే. అది ఎర అని నాకప్పుడు తట్టలేదు.

ఆ తర్వాత తనే మెసేజ్ పెట్టాడు: "అన్నా, డోమ్ బెదోస్ వచ్చింది. నీకోసమే పక్కన పెట్టా."

ఆ పేరు చూడగానే నాకు బుర్ర పనిచేయలేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, డోమ్ బెదోస్ 18వ శతాబ్దపు ఫ్రెంచి బెనెడిక్టైన్ సన్యాసి, స్వయంగా ఆర్గన్లు కట్టినవాడు. బోర్డోలో సాంత్ క్రువా చర్చి ఆర్గన్ ఆయన పనే. ప్యారిస్ సైన్స్ అకాడమీ చేతిపనుల మీద వేసిన గ్రంథమాలలో 1766 నుంచి 1778 దాకా ఆయన ఆర్గన్ పుస్తకం భాగాలుగా వచ్చింది. అందులో 137 ప్లేట్లు, అంటే విడిగా అచ్చేసి చేర్చిన బొమ్మల కాగితాలు. తగరం, సీసం కరిగించి పొడవాటి బల్ల మీద రేకు పోయడం దగ్గర్నుంచి గాలిపెట్టె, తిత్తులు, మీటల వరుసలు, వడ్రంగి పనిముట్లు, చివరికి మేకులు దిగ్గొట్టిన సిలిండర్ తిప్పితే దానంతటదే పాట వాయించే ఆర్గన్ దాకా అన్నీ బొమ్మ గీసి చూపించాడు. చాలా ప్లేట్లు పేజీకన్నా పెద్దవి, మడత పెట్టి కుట్టినవి. నాకు ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. కొన్నదే ఆ మడతల కోసం.

"కాసెల్‌లో వేసిన ఫాక్సిమిలీ, ప్లేట్లన్నీ పక్కా" అన్నాడు, అంటే జర్మనీలో అసలు పుస్తకాన్ని అచ్చుగుద్దినట్టు వేసిన నకలన్నమాట. ఫోటో కూడా పంపాడు: విప్పిన ప్లేటు బల్ల అంచు దాటి కిందికి వేలాడుతోంది, పెద్ద ఆర్గన్ నిలువుకోత, పైపుల గోపురాలు గీత గీతా కనిపిస్తున్నాయి. 320 డాలర్లు. బేరం కూడా ఆడకుండా, బ్యాంకు నుంచి నేరుగా డబ్బు పంపే జెల్ (Zelle)లో కొట్టేశాను. ఊళ్ళో అందరికీ ఆన్‌లైన్ మోసాల గురించి క్లాసులు పీకే మహానుభావుణ్ణి నేను!

వచ్చిందేంటో చూడండి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే స్కాన్‌ని ప్రింట్ చేసి, జిగురు పెట్టి అతికించి, పైన మెరిసే అట్ట వేశారు. సరే, స్కాన్ అయినా బొమ్మలుంటే చాలనుకుని తిప్పాను. స్కాన్ చేసినవాళ్ళు ఒక్క మడతా విప్పలేదు! ప్లేటు ఎలా మడిచి ఉందో అలాగే మెషీన్ మీద పెట్టేశారు. నిలువుకోత ప్లేటులో ఎడమవైపు గోపురం సగం ఉంది, ఆ తర్వాత బూడిదరంగు కాగితం వెనకవైపు. ఇంకో పేజీలో పైపు మూతి బొమ్మ. గాలి పాదంలోంచి వచ్చి సన్నటి చీలిక దాటి పై పెదవికి తగిలే చోటు అదే. ఆ పెదవిని ఎంత ఎత్తున కోశారన్నదాన్ని బట్టే పైపు గొంతు మారిపోతుంది. సరిగ్గా ఆ పెదవి మీద రబ్బరు తొడుగు వేసుకున్న బొటనవేలు! ఎవరిదో గానీ, పుస్తకం మొత్తంలో స్పష్టంగా పడింది ఆ వేలొక్కటే. పూర్తిగా ఉన్న కాసిని ప్లేట్లనూ ఎంత కుదించారంటే భాగాల పక్కన వేసిన అక్షరాలు చీమ కాళ్ళలా ఉన్నాయి, భూతద్దం పెట్టినా ఏది ఏదో తెలీదు.

ఫోన్ చేశాను. మర్యాదగానే అడిగాను, "ఏవండీ, మీరు పంపిన ఫోటోలో పుస్తకం ఇది కాదు కదా" అని. కాసేపు ఆగి, నవ్వాడండి. "పేజీలన్నీ ఉన్నాయా లేదా చూసుకో బాసూ" అన్నాడు. పేజీలు కాదు, ప్లేట్లు లేవన్నాను. దానికి ఆయన: "అన్ని బొమ్మలు ఏం చేసుకుంటావ్? ఇప్పుడేమన్నా ఇంట్లో ఆర్గన్ కడతావా ఏంటి?" వెనకాల ఇంకెవరో నవ్వడం కూడా వినిపించింది. డబ్బు ఇచ్చేదాకా "అన్నా", ఇచ్చాక "బాసూ". రిటర్న్ సంగతి ఎత్తితే "పుస్తకాలకి రిటర్న్ ఉండదు, పోస్టులోనే రాశా" అని పెట్టేశాడు. పోస్టు మళ్ళీ వెతికి చూశాను, అలాంటి ముక్క ఎక్కడా లేదు. సాయంత్రానికి నంబర్ బ్లాక్. గ్రూపులో అడిగితే ఒక పెద్దాయన "పోనీలెండి, మనవాడే కదా" అన్నారు. మనవాడు కాబట్టే కదండీ అడక్కుండా 320 ఇచ్చింది!

ఇక కొనేవాళ్ళకి రెండు ముక్కలు. ప్లేటు ఒకటి విప్పి చూపిస్తూ, పక్కన ఆ రోజు తేదీ రాసిన చీటీ పెట్టి వీడియో పంపమనండి. పంపకపోతే వదిలేయండి. తిరిగి రాబట్టుకునే దారి లేని పద్ధతిలో డబ్బు పంపొద్దు, కార్డు వాడండి. "రీప్రింట్" అని ఉంటే ఎవరు వేసింది, ఏ ఏడాది అని అడగండి.

ఇప్పుడే చూశాను, వేరే గ్రూపులో అదే ఫోటోతో మళ్ళీ పెట్టాడు, ఈసారి 350. స్క్రీన్‌షాట్ కింద పెడుతున్నా, ఫోటోలో ఆ బల్ల అంచు చూసి గుర్తుపట్టండి.