మాల్టా, సిసిలీ, క్రీట్: ఒడ్డు వదిలి లోపలికి వెళ్లేవాళ్లకి ఏది మేలు?

సముద్రంలో మునగడానికే అయితే మనకి భీమిలి చాలు. మధ్యధరా దాకా లక్షలు పోసి వెళ్లి కూడా గొడుగు కింద కుర్చీలో పడుకుని వచ్చేస్తున్నారంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ దీవుల్లో అసలు సంపదంతా ఒడ్డు దాటాకే మొదలవుతుంది.

ముందు మాల్టా. దేశం మొత్తం 316 చదరపు కిలోమీటర్లే, కారు లేకపోయినా బస్సుల్లో తిరిగేయొచ్చు, ఇంగ్లిష్ అక్కడ అధికార భాష కాబట్టి మాటకి ఇబ్బంది లేదు. పక్కనున్న గోజో దీవిలో జిగాంతియా రాతి గుళ్లు ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతవి, దాదాపు 5,500 ఏళ్లనాటివి. రాజధాని వలెట్టాలోని సెయింట్ జాన్ చర్చిలో ఇటాలియన్ చిత్రకారుడు కారవాజ్జో 1608లో వేసిన పెద్ద చిత్రం ఉంది, ఆయన సంతకం చేసిన ఒకే ఒక్క చిత్రం అదే. నన్ను బాగా పట్టుకున్నది మాత్రం అక్కడి భాష. అరబిక్ నుంచి పుట్టి రోమన్ లిపిలో రాసుకునే భాష అది, అందుకే క్యాథలిక్ చర్చిలో దేవుణ్ణి ‘అల్లా’ అనే పిలుస్తారు! ఇబ్బందేమిటంటే ఊళ్లు ఇరుకు, వేసవిలో జనం కిటకిట, పైగా వలెట్టా వీధులు చాలావరకు మెట్లే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కష్టం.

ఇటలీకి చెందిన సిసిలీ లెక్కే వేరు. మాల్టాలాంటివి 80 పట్టేంత దీవి, మధ్యధరాలో అన్నిటికంటే పెద్దది. సిరక్యూస్ (మన ఆర్కిమెడీస్ ఊరే) ప్రధాన చర్చిలోకి అడుగుపెడితే గోడల్లో లావుపాటి గ్రీకు స్తంభాలు కనిపిస్తాయి. క్రీస్తుకు 5 శతాబ్దాల ముందు అది గ్రీకు దేవత ఎథీనా గుడి, తర్వాత చర్చి అయింది, అరబ్బులొచ్చాక మసీదు అయింది, మళ్లీ చర్చి అయింది, 1693 భూకంపంలో దెబ్బతిన్నాక ఇప్పుడున్న ముఖద్వారం కట్టారు, ఇన్ని జరిగినా ఆ స్తంభాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. పలెర్మోలో నార్మన్ రాజు రెండో రోజర్ కట్టించిన చాపెల్‌లో గోడలకి బైజాంటైన్ మొజాయిక్‌లు, పైకప్పుకి అరబ్బు పనివాళ్ల చెక్క నగిషీ. 12వ శతాబ్దంలో ఒకే గదిలో ఇంతమంది చేతులు కలిశాయంటే, నాకు ఇంకే దీవిలోనూ అంతటి ఆశ్చర్యం దొరకదు. ఆపైన ఎట్నా అగ్నిపర్వతం, అగ్రిజెంటోలోని పాత గ్రీకు గుళ్లు, ఇక తిండి గురించైతే మనవాళ్లకి బెంగే అక్కర్లేదు: వంకాయతో పాస్తా, వంకాయతోనే పుల్లపుల్లగా తియ్యతియ్యగా చేసే కపొనాటా. కాకపోతే దీవి లోపల రైళ్లు నెమ్మది, కారు లేకపోతే సగం చోట్లకి వెళ్లలేరు, వారంలోపు అయితే అటు వెళ్లొద్దు.

గ్రీస్ దీవి క్రీట్ నడిచేవాళ్లది. సమరియా లోయలో 16 కిలోమీటర్లు దిగుతూ పోవాలి, దిగాక వచ్చే ఊరికి రోడ్డే లేదు, పడవెక్కాల్సిందే. ఆ దారి మామూలుగా మే నుంచి అక్టోబర్ దాకానే తెరుస్తారు. క్నోసోస్ అనే ప్రాచీన రాజభవనం చూడాల్సిందే గానీ, అక్కడ కనిపించే ఎర్ర స్తంభాల్లో చాలావరకు 20వ శతాబ్దంలో పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ ఇవాన్స్ సిమెంటుతో నిలబెట్టించినవని తెలిసి వెళ్లండి. ముందు హెరాక్లియన్ మ్యూజియం చూసి తర్వాత అక్కడికి వెళ్తే ఏది ఏమిటో అర్థమవుతుంది. కొండ ఊళ్లలో అడవి ఆకుకూరలు ఉడికించి ఆలివ్ నూనె, నిమ్మరసం పోసి పెడతారు, శాకాహారులకి అదో వరం.

నన్నడిగితే నాలుగైదు రోజులే ఉంటే మాల్టా, కొండలంటే ప్రాణమైతే క్రీట్, ఒక్కటే చూడగలను అంటే మాత్రం కళ్లు మూసుకుని సిసిలీ. పది రోజులుంటే మాల్టా, సిసిలీ రెండూ కలపండి, వలెట్టా నుంచి సిసిలీలోని పొజ్జాల్లోకి ఫెర్రీలో రెండు గంటలు కూడా పట్టదు. మాల్టా మూడు రోజులు, మిగతాదంతా సిసిలీ. షెంగెన్ (చాలా ఐరోపా దేశాలకి కలిపి ఇచ్చే) వీసా దరఖాస్తు ఎక్కువ రోజులుండే దేశానికే చేయాలి కాబట్టి అప్పుడు ఇటలీకి పెట్టుకోవాలి. వీసా చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని మాల్టాలోని హైపోజియం టికెట్ కోసం చూడటం. భూమి లోపల రాతిని తొలిచి చేసిన ఆ ప్రాచీన సమాధుల్లోకి గంటకి పదిమందినే పంపిస్తారు, అక్కడికెళ్లాక కొనుక్కుందాంలే అంటే దొరకడం కష్టం.