నిమ్మ షర్బత్‌లోకి పంచదార: పలుకులా, పొడా, పాకమా?

ఎండలు మొదలైతే చాలు, ఇదే ప్రశ్న. ఐసు నీళ్లలో పంచదార ఎంత తిప్పినా అడుగునే ఉంటోంది, పొడి కొట్టి వేస్తే నయమా, పాకం కాచి పెట్టుకోవాలా అని. నిమ్మరసం ముందే పిండితే కరగదని కొందరి అనుమానం. పాపం, పులుపు చేసిందేమీ లేదు. అంతా చల్లదనం వల్లే.

అలాగని నీళ్లు కరిగించుకోలేకా కాదు. 0 డిగ్రీల దగ్గర కూడా 100 మిల్లీలీటర్ల నీళ్లలో 170 గ్రాములకు పైగా పంచదార పడుతుంది. మనం వేసేది రెండు చెంచాలు. తేడా అంతా వేగంలోనే. పంచదార అంటే రసాయనికంగా సుక్రోజ్. దాని అణువుకు 8 హైడ్రాక్సిల్ సమూహాలు, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు, ఉన్నాయి. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలనే ఆకర్షణతో వాటిని పట్టుకుని, పలుకు పైనుంచి ఒక్కో అణువునూ ఊడలాగాలి. చల్లటి నీళ్లలో ఆ పని మందగిస్తుంది. పైగా పలుకు చుట్టూ చిక్కటి ద్రావణం పేరుకుపోతుంది. గాజు గ్లాసులో నిలకడగా ఉన్న నీళ్లలో చెంచాడు పంచదారను పైపైన ముంచి, వెలుతురుకు ఎదురుగా చూడండి. దారాల్లాంటి గీతలు కిందికి జారుతుంటాయి. ఆ చిక్కదనాన్ని చెదరగొట్టడానికే తిప్పడం.

పొడికి నీళ్లు ఎక్కువ మేర తగులుతాయి కాబట్టి త్వరగానే కరుగుతుంది. కాకపోతే ఒక్కసారిగా గుమ్మరిస్తే ఉండకడుతుంది, చల్లుతూ తిప్పాలి. బజార్లో దొరికే ఐసింగ్ షుగర్ జోలికి వెళ్లొద్దు. అందులో సాధారణంగా మొక్కజొన్న పిండి కలుపుతారు, షర్బత్ మసకబారుతుంది.

నా ఓటు పాకానికే. కరిగే పని వేడి మీదే అయిపోతుంది, గ్లాసులో కలవడమొక్కటే మిగులుతుంది. పంచదార, నీళ్లు సమాన తూకంలో తీసుకుని, కరిగి తేటపడగానే దించేయండి. తీగపాకం దాకా రానిచ్చారో, ఫ్రిజ్‌లో పలుకుకడుతుంది. కాచేటప్పుడు నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే సుక్రోజ్‌లో కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే చిన్న చక్కెరలుగా విడిపోయి ఆ బెడద తగ్గుతుంది. మిఠాయివాళ్లు పాకంలో నిమ్మరసం పిండేది అందుకే. నిమ్మ సోడాకైతే పాకం తప్ప వేరే దారి లేదంటాను. పలుకులు పడగానే నురగ పొంగి గ్యాసంతా పోతుంది. ఇంట్లో ఇద్దరే ఉండి, ఐసు వేయకముందే మామూలు నీళ్లలో కరిగించుకునే ఓపిక ఉంటే మాత్రం పాకం అక్కర్లేదు.

పటికబెల్లమూ సుక్రోజే, పలుకు పెద్దది కనుక ఇంకా ఆలస్యం. తేనె అడుగుకు దిగి కూర్చుంటుంది, గట్టిగా తిప్పాలి. బెల్లాన్ని పానకానికి ఉంచుకోండి.

ఇక ఉప్పు. నీళ్లు చల్లనైనా, వేడైనా దానికి పెద్ద తేడా లేదు. 0 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్లకు 35 గ్రాములు, మరిగే నీళ్లలో 39. చిటికెడు ఎప్పుడు వేసినా కరుగుతుంది. సోడాలోకైతే మాత్రం నేరుగా వేయకండి, ముందు నిమ్మరసంలో కరిగించి పోయండి.