ఈజీడ్రమ్మర్ 3 చాలాకాలం వాడాక

ముందే చెప్పేస్తాను: కంప్యూటర్లో డ్రమ్స్ పలికించే సాఫ్ట్‌వేర్ ఈజీడ్రమ్మర్ 3ని కొనేవాళ్లు దాని సౌండ్ కోసం కొనండి. అందులో వచ్చే గ్రూవులు, అంటే రెడీమేడ్ డ్రమ్ నడకలు చూసి కొనకండి. 2022లో ఇది వచ్చిన కొత్తలోనే తీసుకున్నాను. గుంటూరు బ్రాడీపేటలో మా మేడమీది గదిలో నేను చేసే చర్చి పాటలు, జానపదాలు, స్కూలు వార్షికోత్సవాల ట్రాకులు అన్నిటికీ అప్పట్నుంచి ఇదే డ్రమ్స్. ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉండే వీధి మాది, ఇక్కడ అసలు డ్రమ్ కిట్ వాయిస్తే ఎవరూ ఊరుకోరు. ఊరుకున్నా, కిట్ మొత్తానికి మైకులు పెట్టడానికి మైకును కంప్యూటర్‌కు కలిపే నా రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ ఏ మూలకూ సరిపోదు.

సౌండ్ సంగతికొస్తే, దీని కిట్లను బెర్లిన్‌లోని హన్సా స్టూడియోలో మైకేల్ ఇల్‌బర్ట్ రికార్డ్ చేశాడు. స్నేర్ (కింద తీగలుండే డ్రమ్) ఒక్కటి విన్నా ఆ పనితనం తెలుస్తుంది. వెలాసిటీ (దెబ్బ బలానికి ఇచ్చే అంకె) 110 దగ్గర పడిన దెబ్బను వాల్యూమ్ తగ్గించి 40 దగ్గర వినిపించదు. మెల్లగా కొట్టిన దెబ్బను విడిగా రికార్డ్ చేశారు. అందులో కింది తీగల గరగర ఎక్కువ, కర్ర చప్పుడు తక్కువ. ఒకే బలంతో వరసగా కొట్టినా ఒక్కోసారి ఒక్కో రికార్డింగ్ పలుకుతుంది కాబట్టి రోల్ వేసినప్పుడు మిషన్ గన్ మోత రాదు. మూడు గదుల్లో మెయిన్ రూమ్‌ను నెమ్మది ఆరాధన పాటలకు, టైట్ రూమ్‌ను వేగం పాటలకు పెట్టుకుంటాను. బ్రైట్ రూమ్ నాకు పెద్దగా అవసరపడలేదు.

బ్యాండ్‌మేట్ అనే సదుపాయం ఉంది. మన గిటారు ట్రాక్‌ను లాగి అందులో పడేస్తే దానికి సరిపోయే గ్రూవులు చూపిస్తుంది. 4/4 పాటకు ఇది నిజంగా పనికొస్తుంది, పల్లవికి ఒక నడక ఐదు నిమిషాల్లో దొరుకుతుంది. బారుకు ఆరు లెక్కలుండే మన 6/8 దగ్గరే చిక్కు. ఇది ఈ ఒక్క సాఫ్ట్‌వేర్ లోపం కాదు, పాశ్చాత్య డ్రమ్ లైబ్రరీలన్నీ పుట్టింది వాళ్ల సంగీతంలోంచి. వాళ్ల 6/8లో సాధారణంగా ఒకటో లెక్కలో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), నాలుగో లెక్కలో స్నేర్, నెమ్మదిగా ఊగే పాట. మన భజనల్లో, జానపదాల్లో ఆరు లెక్కలనూ డోలక్ నింపేస్తుంది. చాలా పాటల్లో ఊపు ఆరో లెక్కలో అందుకుని ఒకటి మీద దిగుతుంది. ఆ నడక మనమే వేసుకోవాలి.

వేసుకోవడమంటే మౌస్‌తో చుక్కలు పెట్టడం అనుకోవద్దు. నేను అలా చేసిన ట్రాక్ విని, నా దగ్గరికి వచ్చే ప్యాడ్స్ వాయించే ఒక కుర్రాడు "అన్నా, హైహ్యాట్ కుట్టుమిషన్‌లా ఉంది" అన్నాడు. అతని మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఒక డ్రమ్ ట్రాక్ మనిషి వాయించిందా లేదా అన్నది హైహ్యాటే, అంటే ఒకదాని మీద ఒకటి ఉండే ఆ జత తాళాలే చెప్పేస్తాయి. మనిషి వాయించినట్టు చేస్తానే హ్యూమనైజ్ బటన్ నొక్కితే పోయే సమస్య కాదిది. ఆ బటన్ దెబ్బల్ని ఎటుపడితే అటు చెదరగొడుతుంది. మంచి డ్రమ్మర్ చేతిలో హెచ్చుతగ్గులకు ఒక వరస ఉంటుంది. ప్రతి బారులో అదే చోట గట్టిగా, అదే చోట తేలిగ్గా, స్నేర్ ఎప్పుడూ కాస్త వెనగ్గా. 100 టెంపోలో పదహారో వంతు స్వరం 150 మిల్లీసెకన్లు. అందులో స్నేర్‌ను 8, 10 మిల్లీసెకన్లు వెనక్కి జరిపితే చాలు, పాట స్థిమితంగా నడుస్తుంది. హైహ్యాట్‌ను మాత్రం అసలు లెక్కమీద వెలాసిటీ 95 దగ్గర, మధ్యలో 60 దగ్గర ఉంచుతాను.

ఇంతకన్నా మంచి దారి చేత్తో వాయించడం. మన వైపు ఏ ఆర్కెస్ట్రాలో చూసినా, ఏ చర్చిలో చూసినా ఆక్టోప్యాడ్ (కర్రలతో వాయించే ఎలక్ట్రానిక్ ప్యాడ్లు) ఉంటుంది. రోలాండ్ ఎస్పీడీ-20 పాతదైనా సరే, దానికి మిడి అవుట్ (ఏ ప్యాడ్‌ను ఎంత బలంగా కొట్టామో కంప్యూటర్‌కు పంపేది) ఉంది. ప్యాడ్లకు నోట్ నంబర్లు కిక్‌కు 36, స్నేర్‌కు 38, మూసిన హైహ్యాట్‌కు 42, తెరిచినదానికి 46 ఇచ్చి కేబుల్ తగిలిస్తే హన్సా కిట్ మన కర్రల కింద పలుకుతుంది. ఇంటర్‌ఫేస్ బఫర్ (ఒక్కోసారి పోగేసి పంపే శాంపిళ్ల సంఖ్య) 512 ఉంటే 48 కిలోహెర్ట్జ్‌లో దానికే దాదాపు 10.7 మిల్లీసెకన్ల ఆలస్యం, చేతికి తెలిసిపోతుంది. 128కి దించితే 2.7. కిక్, స్నేర్ గ్రిడ్‌లో వేసి, హైహ్యాట్ ఒక్కటీ పాట పొడుగునా ఆ కుర్రాడితో వాయించిస్తాను. వినేవాళ్లకు తేడా ఎక్కడుందో తెలియకపోయినా పాట నచ్చుతుంది.

డప్పు మాత్రం ఏ లైబ్రరీలోదీ నాకు ఆనలేదు, సొంతంగా రికార్డ్ చేసుకున్నాను. ఎవరైనా చేయాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి: డప్పును మంట దగ్గర కాచాక చర్మం బిగిసి శ్రుతి లేస్తుంది, కృష్ణా తీరపు గాలిలోని తేమకు మళ్లీ త్వరగానే దిగుతుంది. కాచిన వెంటనే అన్ని దెబ్బలూ ఒకే ఊపులో రికార్డ్ చేసెయ్యాలి. మధ్యలో టీకి లేస్తే రెండో సగం శ్రుతి వేరుగా వస్తుంది. లావుపాటి సిర్ర దెబ్బలు వేరు, సన్నటి చిటికెన పుల్ల దెబ్బలు వేరు. ఒక్కోదాన్ని మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా, ప్రతి బలానికీ కనీసం నాలుగేసి తీసుకోండి. ఎస్‌ఎఫ్‌జెడ్ అనే టెక్స్ట్ ఫైలులో ఏ వెలాసిటీకి ఏది పలకాలో రాసుకుని, ఉచితంగా దొరికే స్ఫోర్జాండో అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే చాలు. కిక్‌తో కలిపినప్పుడు బరువు తగ్గినట్టనిపిస్తే ఒకదాని ఫేజ్ తిప్పి (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి) చూడండి, ఈక్యూ (బేస్, ట్రెబుల్ సవరణ) జోలికి తర్వాత వెళ్లొచ్చు.

డబ్బు పెట్టే ముందు రుచి చూడాలనుకునేవాళ్లకు ఎంటీ పవర్ డ్రమ్‌కిట్ 2 ఉచితం, నేర్చుకోవడానికి బాగుంటుంది. మ్యాక్ ఉన్నవాళ్లకు లాజిక్ ప్రో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 2013 నుంచీ డ్రమ్మర్ ట్రాక్ ఉంది, అది చేతిలో ఉంటే వేరే కొనడానికి తొందరపడక్కర్లేదు. నేను ఈజీడ్రమ్మర్‌నే అంటిపెట్టుకోవడానికి ఇంకో కారణం, మిక్సింగ్ కోసం విజయవాడ పంపేటప్పుడు కిక్, స్నేర్, ఓవర్‌హెడ్ (కిట్ పైన పెట్టినవి), రూమ్ మైకులన్నీ విడివిడి ట్రాకులుగా ఇవ్వగలను. మిక్సింగ్ చేసే ఆయన ఓవర్‌హెడ్లు కాస్త పైకి తీసి, దగ్గరి మైకులు తగ్గించేసరికి అది నా గదిలో చేసిన ట్రాక్ అని ఎవరూ పట్టుకోలేరు.

బ్రష్‌లతో స్నేర్ మీద రాస్తూ వాయించాల్సిన పాట వస్తే మాత్రం ఇక్కడ చెయ్యను. రాపిడి ఒకదాంట్లోకి ఒకటి పారే శబ్దం, ముక్కలుగా రికార్డ్ చేసి అతికిస్తే అతుకు వినిపిస్తుంది. దానికి డ్రమ్మర్‌ని పిలిచి విజయవాడలో స్టూడియో గంటల లెక్కన తీసుకుంటాను, ఆ ఖర్చు పాట చేయించుకునేవాళ్లకు ముందే చెప్తాను.