మ్యూ4ఈలో కొత్త మెయిల్: టైమర్ బాగానే ఉంది, తాళంచెవి దగ్గరే తంటా

ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోనే మెయిల్ చదువుకునే ప్రోగ్రామ్ మ్యూ4ఈ. అది ఎందుకు, అందులో వెతుకులాట ఎంత వేగం, ఇవన్నీ ఈమాక్స్ వాడేవాళ్లు ఎప్పుడో వినేసిన సంగతులు. చాలాకాలం వాడాక కూడా ముచ్చటగా అనిపించేది ఒకటుంది: కొత్త మెయిల్ వచ్చిందా లేదా అన్నది మ్యూ4ఈ చూడనే చూడదు. సర్వర్ నుంచి మెయిల్ తెచ్చుకునే ఐమ్యాప్ గొడవ దానికి అక్కర్లేదు. గెట్-మెయిల్-కమాండ్ అనే సెట్టింగ్‌లో మీరు ఏ కమాండ్ పెడితే దాన్ని నడుపుతుంది, అది ముగిశాక మెయిల్‌డిర్ ఫోల్డర్లను (ఒక్కో మెయిల్ ఒక్కో ఫైల్‌గా ఉండేవి) ఇండెక్స్ చేసుకుంటుంది. ఆ సెట్టింగ్ డిఫాల్ట్ విలువ 'ట్రూ', అంటే ఏ పనీ చేయకుండా సున్నా కోడ్‌తో (పని సవ్యంగా అయిందని అర్థం) బయటికొచ్చే యూనిక్స్ కమాండ్. కొత్తగా పెట్టుకున్నవాళ్లు యు నొక్కి "మెయిల్ రావట్లేదేంటి" అనుకునేది అందుకే.

ఈ బద్ధకమే దాని గొప్పదనం. మెయిల్ ఆగిపోయినప్పుడు తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ఈమాక్స్‌ను కెలకక్కర్లేదు. అదే కమాండ్‌ను టెర్మినల్‌లో కొడితే అసలు ఎర్రర్ అక్కడే కనిపిస్తుంది. మామూలు మెయిల్ యాప్‌లలో ఒక చక్రం తిరిగి తిరిగి ఆగిపోతుంది, ఎందుకాగిందో చెప్పే దిక్కుండదు. ఇక్కడ ప్రతి మెట్టూ బయటికే ఉంది. ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. మ్యాక్‌లో డాక్ నుంచి తెరిచిన ఈమాక్స్‌కు హోమ్‌బ్రూ ప్రోగ్రాములు పెట్టే ఫోల్డర్ సంగతి తెలియదు కాబట్టి, సర్వర్ నుంచి మెయిల్ దించే ఎంబీసింక్ దొరకలేదంటుంది. కమాండ్‌కు పూర్తి పాత్ ఇస్తే సరి.

ఇక టైమర్. అప్‌డేట్-ఇంటర్వెల్ సెకన్లలో ఇవ్వాలి. డిఫాల్ట్ నిల్, అంటే ఆటోమేటిక్‌గా ఏమీ జరగదు. చాలామంది 300 పెడతారు, ఐదు నిమిషాలు. దీన్ని మార్చాక మ్యూ4ఈ నుంచి బయటికొచ్చి మళ్లీ తెరిస్తేనే కొత్త విలువ పనిచేస్తుంది. ఈ ఒక్క ముక్క తెలియక "సెట్టింగ్ పనిచేయట్లేదు" అనేవాళ్లు కొల్లలు. ఇండెక్స్-అప్‌డేట్-ఇన్-బ్యాక్‌గ్రౌండ్ ముందే ఆన్‌లో ఉంటుంది, దాన్ని కదిలించకండి.

అసలు గొడవ ఇప్పుడు. ఎంబీసింక్‌కు పాస్‌వర్డ్‌ను ఫైల్లో తెరిచిపెట్టి ఇవ్వడం ఎవరికీ ఇష్టముండదు. అందుకని దాని కాన్ఫిగ్‌లోని పాస్‌కమాండ్ వరుసలో జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్‌ను పెడతారు: పాస్‌వర్డ్ ఉన్న ఫైల్‌ను డీక్రిప్ట్ చేసి ఇవ్వు అని. దాని వెనక నడిచే జీపీజీ-ఏజెంట్, డీక్రిప్ట్ చేసే కీని తెరిచే మీ పాస్‌ఫ్రేజ్‌ను కాసేపు గుర్తుపెట్టుకుంటుంది. ఎంతసేపు అన్నదాంట్లోనే ఉంది కిటుకు. డిఫాల్ట్-క్యాష్-టీటీఎల్ 600 సెకన్లు, వాడిన ప్రతిసారీ ఆ గడువు మళ్లీ మొదటినుంచి లెక్కకొస్తుంది. మ్యాక్స్-క్యాష్-టీటీఎల్ 7200 సెకన్లు, అది మటుకు ఎంత వాడినా పెరగదు.

ఈ రెండు అంకెల పక్కన మీ టైమర్‌ను పెట్టి చూడండి. 300 పెడితే ప్రతి చెకింగూ 600 గడువును ముందుకు నెడుతూ పోతుంది కాబట్టి అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. రెండు గంటలు నిండాక వచ్చే మొదటి చెకింగ్‌కు మాత్రం పాస్‌ఫ్రేజ్ అడిగే పిన్ఎంట్రీ కిటికీ ఊడిపడుతుంది. మీరు మెయిల్ టైప్ చేసే మధ్యలో అది ఫోకస్ లాక్కుంటే, సగం వాక్యం పాస్‌ఫ్రేజ్ పెట్టెలో పడుతుంది. "మరీ ఐదు నిమిషాలకోసారి ఎందుకులే" అని 900 చేశారనుకోండి, పని ఇంకా చెడుతుంది. మధ్యలో ఇంకే పనికీ ఆ కీ వాడకపోతే, చెకింగ్ టైముకు 600 గడువు తీరిపోయి ఉంటుంది, ప్రతిసారీ పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. తక్కువసార్లు చూడమంటే ఎక్కువసార్లు విసిగించడం ఇదే.

టెర్మినల్‌లో ఈమాక్స్ వాడేవాళ్లకు ఇంకో రకం నరకం. పిన్ఎంట్రీకి టెర్మినల్ రూపమైన పిన్ఎంట్రీ-కర్సెస్ అదే టెర్మినల్ మీద గీతలు గీస్తుంది. మీరు కొట్టే అక్షరాలు కొన్ని ఈమాక్స్‌కు, కొన్ని దానికి పంచుకుపోతాయి, స్క్రీన్ చిందరవందరవుతుంది. ఏ టెర్మినల్‌లో అడగాలో చెప్పే జీపీజీ_టీటీవై సెట్ కాకపోతే పెట్టె రాకుండానే డీక్రిప్షన్ ఫెయిలవుతుంది. ఈ రెండిట్లో ఫెయిలవడమే నయం, కనీసం ఎర్రర్ వస్తుంది.

అన్నిటికన్నా చెడ్డది మౌనం. పిన్ఎంట్రీ కిటికీ ఏదో వేరే వర్క్‌స్పేస్‌లో తెరుచుకుని, మీరు చూడలేదనుకోండి. కొన్ని పిన్ఎంట్రీలు కాసేపటికి వాటంతటవే తప్పుకుంటాయి, కొన్ని అలాగే కూర్చుంటాయి. అది కూర్చున్నంతసేపూ ఎంబీసింక్ ముగియదు. ఐదు నిమిషాల తర్వాత టైమర్ మళ్లీ మోగితే, అప్‌డేట్ ఇప్పటికే నడుస్తోందని మ్యూ4ఈ కింద ఓ వరుస చూపించి ఊరుకుంటుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, మెయిలూ లేదు. "ఈరోజు ఎవరూ రాయలేదు" అనుకుని హాయిగా ఉంటారు. అప్పుడు మ్యూ4ఈ-కిల్-అప్‌డేట్-మెయిల్ నడిపితే ఇరుక్కున్న ప్రాసెస్ ఆగుతుంది.

ఈమాక్స్‌లోని ఈపీజీ పిన్ఎంట్రీ మోడ్‌ను లూప్‌బ్యాక్ చేస్తే, అంటే పాస్‌ఫ్రేజ్ ఈమాక్స్‌లోనే అడిగేలా పెడితే, ఈ తంటా పోతుందని అక్కడక్కడా సలహా కనిపిస్తుంది. ఇక్కడ అది పనికిరాదు. ఆ సెట్టింగ్ ఈమాక్స్ స్వయంగా పిలిచే జీపీజీకే. ఎంబీసింక్ తన జీపీజీని తనే పిలుచుకుంటుంది.

పనిచేసే మందు రెండు భాగాలు. ఒకటి, జీపీజీ-ఏజెంట్ కాన్ఫిగ్ ఫైల్‌లో డిఫాల్ట్, మ్యాక్స్ రెండు గడువులూ కలిపి పెంచడం. పనిదినానికి సరిపోయేలా 36000 చాలు. ఒక్కటే పెంచితే రెండోది అడ్డుకుంటుంది. తర్వాత జీపీజీకాన్ఫ్‌తో ఏజెంట్‌ను రీలోడ్ చేయాలి. రెండు, పాస్‌కమాండ్‌లోని జీపీజీకి పిన్ఎంట్రీ-మోడ్ ఎర్రర్ అని ఇవ్వడం. పాస్‌ఫ్రేజ్ క్యాష్‌లో ఉంటే పని జరుగుతుంది, లేకపోతే కిటికీ తెరవకుండా వెంటనే ఫెయిలవుతుంది. అప్పుడు ఎంబీసింక్ సున్నా కాని కోడ్‌తో ముగుస్తుంది, మ్యూ4ఈ హెచ్చరిస్తుంది. పొద్దున్నే ఒకసారి చేత్తో ఏదైనా డీక్రిప్ట్ చేసి తాళం తీసుకుంటే ఆ పూటకు సరి. అదనంగా గెట్-మెయిల్-కమాండ్ ముందు టైమౌట్ 120 తగిలిస్తే, నెట్‌వర్క్ చచ్చి వేలాడినా రెండు నిమిషాలకు తెగిపోతుంది. కాకపోతే మొదటిసారి మొత్తం మెయిల్ దించుకునేటప్పుడు దీన్ని తీసేయండి. గ్నోమ్ లాంటి డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు జీపీజీ జోలికే పోకుండా సీక్రెట్-టూల్‌తో కీరింగ్ (డెస్క్‌టాప్ పాస్‌వర్డ్‌లు దాచే చోటు) నుంచి పాస్‌వర్డ్ తెచ్చుకోవచ్చు. లాగిన్ అయినంతసేపూ అడగదు.

హెచ్చరిక వచ్చినంత మాత్రాన మెయిల్ అసలు రాలేదని కాదు. రెండు అకౌంట్లలో ఒకటి ఫెయిలైనా ఎంబీసింక్ రెండోదాన్ని పూర్తి చేసే వస్తుంది, కోడ్ మాత్రం ఫెయిల్ అనే ఇస్తుంది. ఎర్రర్ వచ్చినా మ్యూ4ఈ ఇండెక్సింగ్ ఆపదు.

వేగం గురించి మొదట్లో ఎవరైనా పొగిడేది లేజీ-చెక్ (మారని ఫోల్డర్లను వదిలేయడం) ఆన్, క్లీనప్ (లేని ఫైళ్లను ఇండెక్స్‌లోంచి తీసేయడం) ఆఫ్ అన్న జంట. పెద్ద మెయిల్‌పెట్టె మీద తేడా తెలుస్తుంది, నిజమే. కాకపోతే ఫోన్‌లో డిలీట్ చేసిన మెయిల్ ఇక్కడి జాబితాలో దెయ్యంలా మిగిలిపోతుంది, తెరిస్తే ఫైల్ లేదంటుంది. చదివిన గుర్తు మారినప్పుడు ఎంబీసింక్ ఫైల్ పేరు మారుస్తుంది కాబట్టి ఒకే మెయిల్ రెండుసార్లు కనిపించడమూ ఉంది. అప్‌డేట్-ఇండెక్స్-నాన్‌లేజీ అన్న కమాండ్‌ను అప్పుడప్పుడు నడపక తప్పదు. ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లో, మెయిళ్లు మరీ లక్షల్లో లేకపోతే, డిఫాల్ట్‌నే ఉంచేయడం మేలనిపిస్తుంది.

మెయిల్ రాగానే తెలియాలంటే గోఐమ్యాప్‌నోటిఫై అనే ప్రోగ్రామ్ ఉంది. సర్వర్‌తో ఐమ్యాప్ ఐడిల్ కనెక్షన్ తెరిచి ఉంచి, కబురు రాగానే ఎంబీసింక్‌ను నడుపుతుంది. ఆ తర్వాత ఇండెక్సింగ్‌ను విడిగా నడపబోతే, మ్యూ4ఈ తెరిచి ఉన్నప్పుడు డేటాబేస్ తాళం అడ్డం పడుతుంది. మ్యూ4ఈ ఇండెక్స్ ఉండే జేపియన్ డేటాబేస్‌లో ఒకసారికి రాసేవాళ్లు ఒక్కరే. అందుకే, నడుస్తున్న ఈమాక్స్‌కు కమాండ్లు పంపే ఈమాక్స్‌క్లయింట్ ద్వారా మ్యూ4ఈ-అప్‌డేట్-ఇండెక్స్‌ను పిలవాలి. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఐడిల్ కనెక్షన్ చప్పుడు లేకుండా చచ్చిపోయే అవకాశం ఎక్కువ, అందుకే దానితోపాటు 1800 సెకన్ల టైమర్ కూడా ఉంచుకోవడం క్షేమం.

రోజంతా ఈమాక్స్ తెరిచే ఉండి, ఒకటి రెండు మామూలు ఐమ్యాప్ అకౌంట్లు, ఇంట్లో నిలకడైన బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్లకు 300 సెకన్ల టైమర్, పైన చెప్పిన జీపీజీ గడువులు చాలు. మైక్రోసాఫ్ట్ 365 ఆఫీసు మెయిల్ అయితే లెక్క వేరు. అక్కడ ఐమ్యాప్‌కు ఉత్త పాస్‌వర్డ్ లాగిన్ 2022 అక్టోబర్ నుంచి ఆపేస్తూ వచ్చారు, పాస్‌వర్డ్ బదులు ఓఆత్ టోకెన్ (లాగిన్ అయ్యాక ఇచ్చే తాత్కాలిక అనుమతి) కావాలి, ఆఫీసు ఐటీ వాళ్లు ఒప్పుకోవాలి. జీమెయిల్‌కు యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి, దానికి ముందు టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఉండాలి. జీమెయిల్‌లో అన్ని మెయిళ్లూ ఉండే ఆల్ మెయిల్ ఫోల్డర్‌ను ఎంబీసింక్ కాన్ఫిగ్‌లోని ప్యాటర్న్స్ వరుసలో తప్పించకపోతే చాలా మెయిళ్లు రెండేసి సార్లు దిగుతాయి.