ఓజోన్ ముప్పు: గాలిని కొలవాలా, ఆకును చూడాలా?

వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్‌ల లాంటి వాయువులపై ఎండ పడితే నేల దగ్గర ఓజోన్ పుడుతుంది. అది గోధుమ, సోయా దిగుబడిని దెబ్బతీస్తుంది. ఆ ముప్పును అంచనా వేయడానికి యూరప్‌లో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి: గాలిలోని ఓజోన్‌ను కొలిచే ఏఓటీ40 (40 హద్దు దాటిన ఓజోన్ మొత్తం), ఆకును చూసే పీఓడీ (మొక్కకు హాని చేసే ఓజోన్ మోతాదు).

ఏఓటీ40లో లెక్క తేలిక. పగటిపూట గాలిలో ఓజోన్ 40 పీపీబీ (వంద కోట్ల పాళ్ల గాలిలో 40 పాళ్లు) దాటితే, పైనున్నంత మేర గంట గంటకూ కూడుతూ పోతారు. 60 ఉంటే 20 కలుస్తుంది, 38 ఉంటే సున్నా. మూడు నెలల మొత్తం 3,000 పీపీబీ-గంటలు దాటితే గోధుమకు సుమారు 5 శాతం నష్టమని అంచనా.

పీఓడీ మాత్రం ఆకు లోపలికి వెళ్లిన ఓజోన్‌ను లెక్కిస్తుంది. అది వెళ్లేది పత్రరంధ్రాల గుండానే. నేల ఎండి, గాలి పొడిబారితే మొక్క నీళ్లు కాపాడుకోవడానికి వాటిని మూసుకుంటుంది. తీరా చూస్తే ఓజోన్ ఎక్కువగా ఉండేది తరచూ అలాంటి ఎండ రోజుల్లోనే! అప్పుడు ఏఓటీ40 అనవసరంగా టెన్షన్ పెడుతుంది. నీళ్లు పెట్టిన పొలంలో రంధ్రాలు తెరిచే ఉంటాయి కాబట్టి ఒక మోస్తరు ఓజోన్ కూడా లోపలికి చేరుతుంది. ఏఓటీ40కి ఆ తేడా తెలియదు.

పీఓడీకి ఉష్ణోగ్రత, తేమ, వెలుతురు, నేల తడి, పంట దశ అన్నీ కావాలి. డేటా తలనొప్పే. అయినా పంజాబ్‌లాంటి చోట, నీటి తడులతో పండే గోధుమకు నేనైతే పీఓడీనే నమ్ముతాను, అక్కడి రకాలకు తగ్గట్టు సరిచేసుకుంటే. ఓజోన్ రీడింగులు తప్ప ఇంకేమీ లేనిచోట ఏఓటీ40తోనే మొదలుపెట్టాలి.